దేశీ కరెంటు కారు పరిశ్రమ నిలబడుతుందా? విశాఖకు అందులో పనేమైనా ఉందా?

గాజువాక గ్యారేజీ:
టాటా, మహీంద్రా కరెంటు కార్లు బీచ్‌రోడ్డు నిండా తిరుగుతున్నాయి కాబట్టి దేశీ పరిశ్రమ వచ్చేసినట్టేనని ఇక్కడ ఒకరన్నారు. నేనొప్పుకోను. బెంగళూరు రేవా 2001లోనే రోడ్డెక్కింది. ఇన్నేళ్లయినా బ్యాటరీలో ఉండే లిథియం సెల్లు ఎక్కువగా చైనా నుంచే దిగుతున్నాయి. సెల్లు తెచ్చి ఇక్కడ ప్యాక్ బిగిస్తే అది మన పరిశ్రమెలా అవుద్ది?

మధురవాడ:
అన్నయ్యా, మారుతి కూడా 1983లో సుజుకీ చెయ్యి పట్టుకునే నడక నేర్చింది. పెనుకొండ కియాలో ఇప్పుడు కరెంటు కారూ తయారవుతోంది. జీఎస్టీ 5 శాతమే. ముందు బండ్లు అమ్ముడవనీ, విడిభాగాల వాళ్లు వెనకే వస్తారు. పైగా మనకి స్టీల్‌ప్లాంటుంది.

గాజువాక గ్యారేజీ:
స్టీల్‌ప్లాంటులో వచ్చేది కడ్డీలు, వైర్‌రాడ్లు తమ్ముడూ. కారు బాడీకి కావాల్సింది రేకు. ఇక విడిభాగాలు వాటంతటవే వస్తాయంటావా? 2025 ఏప్రిల్‌లో చైనా, కరెంటు కారు మోటార్లలో వాడే అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసేసరికి మన కంపెనీలు ఢిల్లీ తలుపు తట్టాయి. అప్పుడు సుజుకీ ఇచ్చింది, ఇప్పుడు చైనా తన అనుమతి ఉంటేనే అంటోంది. తేడా అదీ.

భీమిలి:
అయస్కాంతాల మాటొచ్చింది కాబట్టి చెప్తాను. కేంద్ర ప్రభుత్వ ఖనిజాల కంపెనీ ఐఆర్ఈఎల్ వారి అయస్కాంతాల ప్లాంటు మన విశాఖలోనే ఉంది, 2023 మేలో జాతికి అంకితమైంది. ఏడాదికి 3,000 కిలోలు. అవి సమేరియం-కోబాల్ట్ రకం, రక్షణ, అంతరిక్ష అవసరాలకి. కారు మోటార్లలో ఎక్కువగా వాడేది నియోడిమియం రకం. కారుకి కిలో, రెండు కిలోలు పడుతుంది. లక్షల కార్లకి 3,000 కిలోలు ఏ మూలకి? అయినా ఆ పని తెలిసిన చేతులు ఇక్కడున్నాయి, నాకు అదే పెద్ద ఆస్తి. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్లతో, ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు చేయించే పథకం ఒప్పుకుంది. అందులో ఒక ప్లాంటు విశాఖకి రావాలి. కార్ల ఫ్యాక్టరీ కోసం అడగడం కన్నా ఇది అడగడం మేలు.

మధురవాడ:
బాగుంది, ఒప్పుకుంటాను. మరి ఆ అయస్కాంతాలకి ముడిసరుకు ఎక్కడిది? మీ భీమిలి ఇసుకలో నియోడిమియం దొరికే ఖనిజం మోనజైట్ ఉందిగా.

భీమిలి:
ఉంది. ఆ ఇసుక మీదే జాలర్ల పడవలూ ఉన్నాయి. మోనజైట్‌లో థోరియం అనే అణుధార్మిక పదార్థం ఉంటుంది, అది ఎవరు పడితే వాళ్లు తవ్వుకునేది కాదు, కాకూడదు కూడా. ప్రభుత్వ సంస్థే తవ్వాలి, తవ్వేముందు ఊళ్లో కూర్చుని మాట్లాడాలి. ఒడిశా, కేరళల్లో ఐఆర్ఈఎల్ ఇసుక పని ఎన్నో ఏళ్లుగా సాగుతూనే ఉంది, ముందు అక్కడి సరుకుతో మొదలెట్టొచ్చు.

గాజువాక గ్యారేజీ:
అలాగైతే నేనూ మీ వైపే. సెల్లు సంగతి మాత్రం వదలను. 2021లో 18,100 కోట్ల బ్యాటరీ పథకం పెట్టారు, 50 గిగావాట్ అవర్ల బ్యాటరీ సెల్లు ఇక్కడే తయారు చెయ్యాలన్నది లక్ష్యం. పని చాలా వెనకబడింది. అయస్కాంతాల పథకానికీ అదే గతి పట్టకుండా ఎవరు చూస్తారో చెప్పండి.