కాలిన గాయం మానిన బాబుకి తిరుమలలో తలనీలాల మొక్కు: కత్తెరతో సరిపెట్టవచ్చా?

మా బాబుకి నాలుగేళ్లు, పాపకి రెండు. జూన్‌లో వాటర్ హీటర్ పెట్టిన బకెట్ ఒరిగి ఇద్దరి మీదా వేడినీళ్లు పడ్డాయి. పాపకి చేతి మీద మచ్చ మిగిలింది, అంతే. బాబుకి కుడి చెవి వెనక నుంచి మెడ దాకా కాలింది, తొడ నుంచి చర్మం తీసి అతికించారు. ఇప్పుడు ఇద్దరూ ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు. వెంకన్న దయ, వార్డులో నర్సుల ఓపిక, రెండూ మేం మర్చిపోలేనివే.

ఆసుపత్రిలో ఉన్నప్పుడే మా అత్తయ్య ఇద్దరి తలనీలాలూ ఇస్తానని మొక్కుకున్నారు. డిసెంబర్ రెండో వారంలో కొండకి వెళ్తున్నాం.

చిక్కల్లా బాబు తలతోనే. చెవి వెనక చర్మం ఇంకా గులాబీ రంగులో, ఉల్లిపొరలా పల్చగా ఉంది. రాత్రిళ్లు దురద. ఆ చుట్టుపక్కల బ్లేడు తగలకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఇంట్లో ట్రిమ్మర్ జీరో మీద పెట్టి చూశాం. అంచు తగలగానే ఎర్రగా కందిపోయింది, ఆపేశాం. మొక్కు వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామంటే అత్తయ్యకి టెన్షన్. పురోహితుడు గారు మూడు కత్తెర్లు (గుండు బదులు కత్తెరతో మూడుసార్లు కాస్త జుట్టు కత్తిరించి ఇవ్వడం) చాలంటున్నారు. మా బంధువులేమో అది ఆడవాళ్లకే, మగపిల్లాడికి గుండే చేయించాలంటున్నారు. వాళ్లెవరూ ఇలాంటి గాయమున్న పిల్లాణ్ణి తీసుకెళ్లినవాళ్లు కాదు.

కల్యాణకట్టలో ఇలాంటి మగపిల్లలకి బ్లేడు లేకుండా మూడు కత్తెర్లు ఇచ్చి మొక్కు తీర్చుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?