మౌంటెన్ గోట్స్ పాత పాటల్లో వినిపించే ఆ గరగర లోపమా, కోరి ఉంచినదా?

ప్రశ్న:
నమస్కారం. మౌంటెన్ గోట్స్ అనే అమెరికన్ సంగీత బృందాన్ని నడిపే గాయకుడు జాన్ డార్నీల్ పాటలతో నా పరిచయం 2005లో వెలువడిన ‘ద సన్‌సెట్ ట్రీ’ ఆల్బమ్‌తో మొదలైంది. చేయిచేసుకునే సవతి తండ్రి ఇంట్లో గడిచిన తన కౌమారాన్ని ఆయన అందులో చెప్పుకున్న తీరు నన్ను కట్టిపడేసింది. ఆ ఉత్సాహంతో 2002 నాటి ‘ఆల్ హెయిల్ వెస్ట్ టెక్సస్’ పెట్టుకుంటే, బృందం ఊసే లేకపోగా, పాట పొడవునా వెనుక ఏదో చక్రం తిరుగుతున్నట్టు గరగర వినిపిస్తోంది. హెడ్‌ఫోన్లు పాడయ్యాయేమోనని మిత్రుడి జత అరువు తెచ్చి కూడా విన్నాను. ఇది రికార్డింగులో దొర్లిన లోపమా?

మొదటి సమాధానం:
మీ హెడ్‌ఫోన్లకు ఏమీ కాలేదు. ఆ ఆల్బమ్‌ను డార్నీల్ అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో నివసిస్తున్నప్పుడు పానసోనిక్ బూమ్‌బాక్స్ (చేత్తో మోసుకెళ్లగల క్యాసెట్ రికార్డర్) ముందు ఒంటరిగా పాడి రికార్డు చేశారు. దాని మైకు, క్యాసెట్‌ను తిప్పే మోటారు ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉండడం వల్ల పాటతోపాటు మోటారు చప్పుడు కూడా టేపు మీదికి ఎక్కుతుంది. పైగా ఇటువంటి రికార్డర్లలో సాధారణంగా శబ్దస్థాయిని యంత్రమే సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది కనుక, గాయకుడు ఊపిరి తీసుకునే విరామంలో అది స్థాయిని పెంచి, ఆ గరగరను ఇంకాస్త ముందుకు తెస్తుంది. మా నాన్నగారు పద్యాలు చదివి దాచుకున్న క్యాసెట్లలోనూ పద్యానికీ పద్యానికీ మధ్య ఇదే మోత.

రెండవ సమాధానం:
వివరణ బాగుంది. అయితే ఆ గరగరను కళాసిద్ధాంతంగా కొలిచే అభిమానుల ధోరణి నాకు కొంత అతిగా తోస్తుంది. 1990ల తొలినాళ్లలో దక్షిణ కాలిఫోర్నియాలోని మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ పాటలు కట్టుకున్న మనిషికి చేతికందిన సాధనం అది. ఆయన మొదటినుంచీ మాటల మనిషి: ‘వెస్ట్ టెక్సస్’ అట్ట మీదే, ఇవి ఏడుగురు మనుషులు, రెండు ఇళ్లు, ఒక మోటారు సైకిలు, మగపిల్లలను తాళం వేసి ఉంచే ఒక చికిత్సాకేంద్రం గురించిన పద్నాలుగు పాటలని రాసుకున్నారు. అదే ఏడాది చివర వచ్చిన ‘టలహాసీ’ ఆల్బమ్‌ను స్టూడియోలో, పీటర్ హ్యూజ్ బేస్ గిటారుతో చేశారు. ఫ్లోరిడాలోని ఒక ఇంట్లో కాపురం కూలిపోతున్నా విడిపోలేని దంపతుల కథ అది. మోటారు చప్పుడు తొలగినందువల్ల అందులో నాకు ఏమీ తగ్గినట్టు అనిపించలేదు. 2017 నాటి ‘గాత్స్’లో ఆయన గిటారునే పక్కన పెట్టేశారు కూడా.

మూడవ సమాధానం:
చేతికందిన సాధనమన్నది తొలినాళ్లకు నిజమే. కానీ 2020 మార్చిలో, కోవిడ్ వల్ల పర్యటన రద్దయి తోటి కళాకారులకు, సిబ్బందికి ఆదాయం ఆగినప్పుడు, వారికి అండగా ఉండేందుకు ఆయన ఆ పాత బూమ్‌బాక్స్‌నే మళ్లీ బయటికి తీసి పది పాటల క్యాసెట్ చేశారు. అప్పటికి స్టూడియోలు ఆయనకు కొత్త కావు. అయినా ఇంటి నుంచి, వెంటనే పాడాలంటే ఆయన చేయి దాని మీదికే వెళ్లింది. దీన్ని కేవలం అవసరమని నేను అనలేను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ రాత్రికి ‘టలహాసీ’ వింటాను. మిత్రుడి హెడ్‌ఫోన్లు రేపు తిరిగి ఇచ్చేస్తాను.