రోహు, కట్ల చేపలకు పట్టుపురుగు ప్యూపా మేతగా పెట్టిన వాళ్ళు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది కైకలూరు దగ్గర పల్లె. ఇప్పుడు బెంగళూరు పక్కన హొసకోటెలో అర ఎకరం చెరువు కౌలుకు తీసుకుని రోహు, కట్ల పెంచుతున్నాను. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతోంది. మా ఊళ్ళోలాగే తవుడు, వేరుశనగ చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి కర్రలకు కడుతున్నాను. చెక్క ధర చూస్తే భయం వేస్తోంది.

ఇక్కడికి దగ్గరే శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే రీలింగ్ యూనిట్లు చాలా ఉన్నాయి. దారం తీశాక మిగిలే ప్యూపా, అంటే గూటి లోపలి పురుగు, చవకగా దొరుకుతోంది. ఎండబెడితే అందులో ప్రోటీన్ సగం దాకా ఉంటుంది, రోహు, కట్ల లాంటి కార్పు చేపలకు మేతలో పాతిక, ముప్పై శాతం ప్రోటీన్ చాలు. అందుకే ఆశ పుట్టింది. ఒక బస్తా తెచ్చి ఎండబెట్టాను. మూడో రోజుకే ముక్కు పగిలే వాసన! పొడి చేసి కొంచెం తవుడులో కలిపితే నీళ్ళ మీద నూనె తెట్టు కట్టింది. మర్నాడు తెల్లవారుజామున చేపలు గాలి అందక పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే గుండె ఆగినంత పనైంది. వెంటనే మానేసి మోటార్ వేశాను. అదృష్టం, ఒక్కటీ చావలేదు.

నూనె తీసేసిన ప్యూపా ఎక్కడైనా దొరుకుతుందా? తవుడులో ఎంత పాళ్ళు కలిపితే మంచిది? చేప మాంసానికి ఆ వాసన పడుతుందా? అదే పెద్ద టెన్షన్, కొనేవాళ్ళు ఒక్కసారి వద్దంటే మళ్ళీ రారు. అజోలా (నీటి మీద తేలే చిన్న మొక్క) కూడా వేద్దామనుకుంటున్నాను, రోహు తింటుందా? హెసరఘట్టలోని సీఫా (మంచినీటి చేపల పెంపకంపై కేంద్ర పరిశోధన సంస్థ) కేంద్రానికి వెళ్ళిన వాళ్ళుంటే అక్కడ ఏం చెప్పారో కూడా రాయండి అన్నా.