సమస్య: వెఱ్ఱి యనఁగ నిజము విబుధులార!

నిర్వాహకుడు: మా మనుమరాలు ఆంగ్ల నిఘంటువులో ‘వెరీ’ అనే మాట పుట్టుక వెదుకుతుండగా పక్కన కూర్చున్న నాకు తోచిన పాదమిది. వెర్రి వెయ్యి విధాలంటారు కాబట్టి పది విధాలైనా చూపించండి.

గోదారిగట్టు:

సత్యవాచియైన శబ్దంబు లాటిను
భాషయందుఁ బుట్టి ఫ్రాన్సు దాటి
యాంగ్లభూమిఁ జేరె నర్థమ్ము మాఱక
వెఱ్ఱి యనఁగ నిజము విబుధులార!

శకటరేఫం: లాటిన్ ‘వేరుస్’కూ, దాని నుండి వచ్చిన పాత ఫ్రెంచి ‘వెరై’కీ ‘నిజమైన’ అనే అర్థం కనుక మొదటి రెండు పాదాలకు వంక పెట్టను. అయితే ఈనాడు ‘వెరీ హాట్’ అన్నవాడు ఎండ ఎక్కువగా ఉందంటున్నాడే గాని, ఎండ నిజమైనదని సాక్ష్యం చెప్పడం లేదు. అలాంటప్పుడు అర్థం మాఱలేదని ఎలా అంటారు? బండి ఱ ఉన్న మన వెఱ్ఱికి ఆ మాటతో శ్లేష పొసగదన్నది వేరే సంగతి.

గోదారిగట్టు: అయ్యా, నేను ‘చేరె నర్థమ్ము మాఱక’ అన్నానే గాని ‘నిలిచె’ అనలేదు. 14వ శతాబ్దంలో ఆంగ్లకవి చాసర్ తన కావ్యంలో యోధుణ్ణి వర్ణించినప్పుడు ఈ మాటకు ‘నిజమైన’ అనే అర్థమే ఉంది. అది కాపురం పెట్టాక ఏమైందో నా పద్యం చెప్పలేదు. పైగా ‘ది వెరీ డే’ అంటే ‘ఆ రోజే’ అని అర్థం కాబట్టి, మన ఏకారం చేసే పనిని అది నేటికీ చేస్తూనే ఉంది. తప్పులు పట్టడమే గాక, తమరి పూరణ కూడా చూసే భాగ్యం కలిగించండి.

శకటరేఫం:

పలకమీఁద మిస్సు బాగుగా వ్రాసిన
వెరీ గుడును జూచి వెఱచె నవ్వ
బెంగ వలదు దాని భేదంబు తెలిపెదన్
వెఱ్ఱి యనఁగ నిజము విబుధులార!

గోదారిగట్టు: మనవడి పలక మీది ‘వెరీ’ని వెర్రిగా చదువుకొని బెదిరిన అవ్వ నిజంగా ముచ్చటగా ఉంది, ఒక్క అవ్వను పట్టుకొని ‘విబుధులార’ అనడం కూడా గౌరవ బహువచనమే అనుకుందాం. కాని అన్నీ సూర్యగణాలే ఉండవలసిన ఆటవెలది రెండవ పాదం ‘వెరీ’ అనే లగంతో (లఘువు, ఆపై గురువు) మొదలైతే, అది ఏ సూర్యగణమో ఆ సూర్యుడే చెప్పాలి. ఉగాది పూరణలో ‘కాఫీ’ని ‘కఫి’గా కుదించి చదివినవారందరికీ కఫం తెప్పించిన తమరికి, ఇక్కడ మాత్రం కుదించడానికి చేయి రాలేదేమి?

శకటరేఫం: ఉగాది పూరణలోని కఫాన్ని ఆరు నెలలుగా గొంతులో దాచుకున్న తమరి ఓపికకు నమస్కారం. ఆంగ్లేయుల నోట చివరి అచ్చు పొట్టిగానే పలుకుతుంది కనుక ‘వెరిని గుడును జూచి’ అని సవరిస్తున్నాను.

నిర్వాహకుడు: సవరణ చెల్లుతుంది. దీర్ఘం పోగొట్టడం ఇష్టం లేనివారు ‘ఆ వెరీ’ అని ముందొక గురువును నిలిపితే రగణమవుతుంది గాని, ఆ వెసులుబాటు ఇంద్రగణం ఉన్నచోటనే.

పల్లెపంతులు:

చాలునన్న మాట చాలయై హెచ్చెను
నిజము కొలతయైన నింద యేల
పదము నడక మాఱుఁ బ్రజ నోట నానుచో
వెఱ్ఱి యనఁగ నిజము విబుధులార!

బడిలో ‘ఐ వెరీ లైక్’ అనే పిల్లలను దిద్ది దిద్ది అలసిపోయి వ్రాసిన పద్యమిది. మన ‘చాల’ విశేషణానికీ క్రియకూ ముందు ఇట్టే కూర్చుంటుంది కనుక, ‘వెరీ’కి క్రియ దగ్గర ‘మచ్’ తోడు కావాలని వారికి తోచదు.

నిర్వాహకుడు: తగినంత అని చెప్పే ‘చాలు’ నుండి మితి లేని ‘చాల’ పుట్టిన వింతను, నిజం నుండి తీవ్రత పుట్టిన వింత పక్కన నిలిపిన మొదటి పాదానికి నా ఓటు.

శకటరేఫం: చాలు, అన్న కలిస్తే ‘చాలన్న’ కావాలి గదా? ఉత్వసంధి నిత్యం.

పల్లెపంతులు: అది చివర ‘ను’ ఉన్న ‘చాలును’ అనే ద్రుతాంత రూపమండి.

గోదారిగట్టు: పంతులుగారూ, పద్యం వెరీ గుడ్డు. దీర్ఘం తీయకుండానే అంటున్నాను.