ఒక హక్కును ఓటుకు పెట్టవచ్చా? గర్భస్రావ చట్టంపై ఐర్లండ్ ప్రజల 2018 తీర్పు

న్యాయపాఠి:

2018 మే 25న ఐర్లండ్ ప్రజలు తమ రాజ్యాంగంలోని ఎనిమిదో సవరణను 66.4 శాతం ఓట్లతో తొలగించారు. మరునాడు ఫలితం ప్రకటించినప్పుడు డబ్లిన్ కాసిల్ ఆవరణలో జనం నవ్వుతూ, ఏడుస్తూ, ఒకరినొకరు కౌగిలించుకుంటూ కనిపించారు. అప్పటి ప్రధాని లియో వరాద్కర్ దానిని కొన్నేళ్లుగా దేశంలో సాగుతున్న నిశ్శబ్ద విప్లవానికి పరాకాష్ఠగా అభివర్ణించారు. ఆ ఫలితాన్ని నేనూ సమర్థిస్తాను. నా అభ్యంతరమంతా అది వచ్చిన దారి గురించే. ఎందుకంటే ఆ సవరణను 1983 సెప్టెంబరు 7న రాజ్యాంగంలో చేర్చింది కూడా ప్రజల ఓటే. తల్లి ప్రాణానికీ గర్భస్థ శిశువు ప్రాణానికీ సమాన హక్కు ఉంటుందన్న ఆ వాక్యానికి అప్పుడు 66.9 శాతం మంది ఆమోదం తెలిపారు. ఓట్ల సంఖ్యే న్యాయానికి కొలబద్ద అయితే 1983 నాటి తీర్పునూ మనం న్యాయమనే ఒప్పుకోవాలి. పైగా అంకెల లెక్కన అది అర శాతం ఎక్కువ న్యాయం కూడా! ఒక స్త్రీ తన శరీరం గురించి తీసుకునే నిర్ణయం ఏనాడూ ఇరుగుపొరుగువారి ఓటుపై ఆధారపడకూడదన్నది నా వాదన. 2018 ఫలితాన్ని ప్రజాస్వామ్య విజయంగా కీర్తించినవారు దీనికి ఏం చెబుతారో తెలుసుకోవాలని ఉంది.

లిఫీ ఒడ్డు (డబ్లిన్):

న్యాయపాఠి గారూ, మీరు ఈ ప్రశ్నను భారత రాజ్యాంగాన్ని మనసులో పెట్టుకుని అడుగుతున్నారు. మన దగ్గర రాజ్యాంగాన్ని పార్లమెంటు సవరించగలదు. ఇక్కడ 46వ అధికరణం ప్రకారం రాజ్యాంగంలో ఒక్క మాట మార్చాలన్నా ప్రజల ఓటు, అంటే రెఫరెండం, తప్పనిసరి. 1983లో ఓటు ద్వారా వచ్చినదాన్ని ఓటు ద్వారా తప్ప తీసేసే మార్గం ఎవరికీ లేదు. అందువల్ల రెఫరెండం పెట్టకూడదని 2018లో అనడమంటే ఎనిమిదో సవరణ అలాగే ఉండనివ్వమనడమే అవుతుంది.

రెండు ఓట్లనూ ఒకే గాటన కట్టడం కూడా నాకు సమ్మతం కాదు. 1983లో ఓటు వేసినవారు 53.7 శాతం, 2018లో 64.1 శాతం. అంతకంటే ముఖ్యమైనది, ఆ రెంటి మధ్య గడిచిన 35 ఏళ్లలో ఆ సవరణ ఏం చేస్తుందో జనం కళ్లారా చూశారు. అత్యాచారానికి గురై గర్భవతి అయిన 14 ఏళ్ల బాలికను ఇంగ్లండుకు వెళ్లకుండా 1992లో ప్రభుత్వమే హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చి ఆపింది. ఆమె ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఉందని గుర్తించి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అదే ఏడాది నవంబరులో, గర్భస్రావం కోసం విదేశానికి వెళ్లే స్వేచ్ఛను, దాని గురించి సమాచారం పొందే స్వేచ్ఛను ప్రజలే ఓటు వేసి రాజ్యాంగంలో చేర్చారు. ఆత్మహత్య ప్రమాదాన్ని కారణంగా అంగీకరించకూడదంటూ 2002లో తెచ్చిన ప్రతిపాదన ఒక్క శాతం కూడా తేడా లేకుండా ఓడిపోయింది. ఆ తరువాత లాటరీ పద్ధతిలో ఎంపికైన 99 మంది సాధారణ పౌరులు, న్యాయమూర్తి మేరీ లాఫోయ్ అధ్యక్షతన నెలల తరబడి వైద్యులను, న్యాయవాదులను, రెండు పక్షాలవారినీ విని తమ సిఫారసులు ఇచ్చారు. ఇంత వినికిడి తరువాత పడిన ఓటు వేరు.

విదేశాల్లో స్థిరపడిన సాధారణ పౌరులకు ఇక్కడ తపాలా ఓటు లేదు. ఆ కారణంగానే యువత విమానాలు, ఓడలు ఎక్కి వచ్చి మరీ ఓటు వేసి వెళ్లారు. ఒకప్పుడు ఆడపిల్లలు ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా ఇంగ్లండుకు వెళ్లిన దారినే వీళ్లు గుంపులు గుంపులుగా తిరిగి వచ్చారు. ఇది నగరాలు, పల్లెల మధ్య పోరవుతుందని ఊహించినవారి అంచనా కూడా తప్పింది. మొత్తం మీద ఒక్క డోనెగాల్ నియోజకవర్గం మాత్రమే వద్దంది. ఓటు వేసి వచ్చినవారిని అడిగిన సర్వేలలో 65 ఏళ్లు దాటినవారిలో తప్ప అన్ని వయసులవారిలోనూ, పురుషులలోనూ సరేనన్నవారే ఎక్కువగా కనిపించారు. ఇక ఇక్కడి పౌరసత్వం లేని మనవాళ్లు ఎంతమందో ఆ రోజు ప్రేక్షకులుగా మిగిలిపోయారు. గర్భం తీయడానికి వైద్యులు నిరాకరించాక 2012లో ఇక్కడి ఆసుపత్రిలో చనిపోయిన భారతీయురాలు సవితా హాలప్పనవర్ మరణం మా అందరినీ కుదిపేసినా ఓటు మాత్రం పౌరులకే.

సునీతా మేరీ (గుంటూరు):

ఈ చర్చలో వద్దన్నవారి తరఫున మాట్లాడేవారు లేరు కాబట్టి నేను మాట్లాడతాను. నేను కతోలిక విశ్వాసిని, వృత్తిరీత్యా నర్సును. ఆ రోజు వద్దని ఓటు వేసినవారు 7,23,632 మంది. వారందరూ స్త్రీల బాధ తెలియని మతఛాందసులని అనడం సులువు గానీ న్యాయం కాదు. అత్యాచారం జరిగినప్పుడు, తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, బిడ్డ బతకదని తేలినప్పుడు మినహాయింపు ఇవ్వడానికి సిద్ధపడినవారు వారిలో ఎందరో ఉన్నారు. కానీ ప్రభుత్వం ఓటుకు ముందే ప్రకటించిన ముసాయిదాలో 12 వారాల వరకు ఏ కారణమూ చూపనవసరం లేదన్న అంశం ఉంది. అందరి మనసులనూ కరిగించే కఠిన సందర్భాలను ముందు పెట్టి, వాటి వెనుక అంతకంటే ఎంతో విశాలమైన మార్పును నడిపించారన్నది వారి ఫిర్యాదు. దానికి ఇప్పటివరకు సూటైన సమాధానం నేను వినలేదు.

సవిత విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. ఆరోగ్య సేవల నాణ్యతను పర్యవేక్షించే ఐర్లండ్ సంస్థ 2013లో ఇచ్చిన నివేదికలో, ఆమె పరిస్థితిని గుర్తించి కాపాడడానికి దొరికిన 13 అవకాశాలు చేజారాయని తేల్చింది. రక్తపరీక్ష ఫలితాన్ని సకాలంలో చూడకపోవడం, నాడి, జ్వరం, రక్తపోటు సరిగా నమోదు చేయకపోవడం ఆసుపత్రి నిర్లక్ష్యం అవుతుంది గానీ రాజ్యాంగ దోషం ఎలా అవుతుంది? ఆమె ముఖాన్ని గోడల మీద గీసి ఓటు అడగడం నాకు బాధ కలిగించింది. డబ్లిన్ కాసిల్‌లో కేరింతలు కొట్టడం అంతకంటే ఎక్కువ బాధించింది. తప్పనిసరి విషాదమని మీరే అంటున్నదానికి సంబరమెందుకు? చట్టం అమలైన మొదటి ఏడాది 2019లో 6,666 గర్భస్రావాలు జరిగాయి. 2023 నాటికి ఆ సంఖ్య పదివేలు దాటింది.

డాక్టర్ పద్మజ:

సునీత గారూ, మీరు నర్సు కాబట్టి ఈ మాట మీతో వివరంగా చెప్పవచ్చు. సవిత 17 వారాల గర్భంతో 2012 అక్టోబరు 21న గాల్వే ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని అప్పుడే తేలింది. ఆ రాత్రి దాటాక ఉమ్మనీటి సంచి పగిలింది. ఇక బిడ్డ బతికే అవకాశం లేదని అక్కడ అందరికీ తెలుసు. గర్భం తీసేయమని ఆమె అడిగితే, శిశువు గుండె ఇంకా కొట్టుకుంటున్నదని నిరాకరించారు. ఇది కతోలిక దేశమని ఆమెతో అన్నట్లు అక్కడి మిడ్‌వైఫ్ స్వయంగా మరణ విచారణలో ఒప్పుకున్నారు. 28వ తేదీన రక్తమంతా విషపూరితమై ఆమె మరణించింది. వయసు 31 ఏళ్లు, వృత్తి దంతవైద్యం, పుట్టిల్లు బెళగావి.

నిర్లక్ష్యం జరిగిందన్నది నిజమే, దాన్ని ఎవరూ కాదనడం లేదు. అయితే ఆ నిర్లక్ష్యానికి చోటు ఎక్కడ దొరికిందో చూడండి. సంచి పగిలి గర్భాశయ ముఖం తెరుచుకున్న స్త్రీ విషయంలో కాలయాపనే ప్రమాదం. ఇన్‌ఫెక్షన్ మొదలైతే గంటల లెక్కన పరిస్థితి మారిపోతుంది. సాయంత్రం కూర్చుని మాట్లాడిన మనిషి తెల్లారేసరికి వెంటిలేటర్ మీద ఉండవచ్చు. చాలా దేశాల్లో మొదటి రోజునే ఆమెకు గర్భం తీయించుకునే అవకాశాన్ని ఇచ్చేవారు. అక్కడ మాత్రం తల్లి ప్రాణానికి నిజమైన, గణనీయమైన ముప్పు ఏర్పడిందని తేలేదాకా వేచి ఉండవలసి వచ్చింది. ముప్పు ఏ గంటకు అంతటిదయిందో చెప్పే పరికరం ఏ ఆసుపత్రిలోనూ లేదు. తొందరపడితే 1861 నాటి చట్టం కింద యావజ్జీవ శిక్ష. ఆ మరణంపై ప్రభుత్వ విచారణకు అధ్యక్షత వహించిన ప్రసూతి నిపుణుడు సబరత్నం అరుల్‌కుమారన్, వైద్యుల చేతులు కట్టేసింది చట్టమేనని, అడిగినప్పుడే గర్భం తీసి ఉంటే ఆమె బతికేదని 2017లో పార్లమెంటరీ సంఘం ముందు స్పష్టంగా చెప్పారు. వేచి చూడడం తప్పనిసరి చేసిన చట్టమే, వేచి చూస్తున్నప్పుడు జరిగే ప్రతి పొరపాటునూ ప్రాణాంతకం చేసింది. గోడమీది బొమ్మ విషయానికి వస్తే, ఓటుకు ముందు ఆమె తల్లిదండ్రులే బెళగావి నుంచి ఐర్లండ్ ప్రజలకు విజ్ఞప్తి చేశారు. ఫలితం తరువాత తండ్రి కృతజ్ఞతలు చెప్పి, కొత్త చట్టానికి తన కూతురి పేరు పెట్టమని కోరారు.

మీ అంకెలతో పాటు మరొక అంకె కూడా చెప్పుకోవాలి. 2001లో ఐర్లండ్ చిరునామాతో ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రులలో గర్భస్రావం చేయించుకున్న స్త్రీలు 6,673 మంది. నిషేధం అమలులో ఉన్నప్పుడు కూడా గర్భస్రావాలు జరిగాయి, సముద్రానికి అవతల జరిగాయి.

మన దేశంలో 1971లోనే చట్టం వచ్చింది, ఎవరి ఓటూ అడగలేదు. దానిని చూసి మనం మురిసిపోనక్కరలేదు. ఆ చట్టం నిర్ణయాధికారాన్ని స్త్రీకి ఇవ్వలేదు, డాక్టరు అభిప్రాయానికి ఇచ్చింది. 2021 సవరణ కొన్ని వర్గాలవారికి గడువును 24 వారాలకు పెంచింది. అవివాహితలకూ ఆ గడువు వర్తిస్తుందని చెప్పడానికి 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. గడువు దాటితే ఇప్పటికీ మెడికల్ బోర్డు, లేదంటే హైకోర్టు మెట్లు.

న్యాయపాఠి:

46వ అధికరణం గురించి లిఫీ ఒడ్డు గారు చెప్పినదాన్ని కాదనను. కానీ నా ప్రశ్న 2018లో ఏం చేయాల్సిందని కాదు, 1983లో ఏం చేయకుండా ఉండాల్సిందని. ఆ సవరణ పదజాలం సందిగ్ధంగా ఉందని, ప్రమాదకరమని నాటి అటార్నీ జనరల్ పీటర్ సదర్లాండ్ ప్రభుత్వాన్ని ముందే హెచ్చరించారు. ప్రభుత్వం పదజాలం మార్చబోయినా పార్లమెంటు ఒప్పుకోలేదు, పాత వాక్యాన్నే ఆమోదించింది. విచిత్రమేమిటంటే, గర్భస్రావాన్ని శాశ్వతంగా మూసివేయాలని రాసిన ఆ వాక్యంలోని తల్లి హక్కు అన్న భాగాన్ని ఆధారం చేసుకునే 1992లో సుప్రీంకోర్టు తలుపు కొద్దిగా తెరిచింది. వైద్యులు పడక పక్కన నిర్ణయించవలసినదాన్ని రాజ్యాంగంలో ఒక్క వాక్యంలో బిగించడానికి జనాన్ని పిలవడమే అసలు దోషం. జనం ఏ వైపు ఓటు వేశారన్నది ఆ తరువాతి సంగతి.

కోడూరు రాము:

ఓటుతో హక్కు స్థిరపడుతుందన్న నమ్మకం నాకూ తక్కువే. పోర్చుగల్‌లో 1998లో ఇదే విషయంపై ఓటు పెడితే మూడింట ఒక వంతు మంది కూడా రాలేదు, ప్రతిపాదన స్వల్ప తేడాతో ఓడింది. 2007లో మళ్లీ పెడితే సుమారు 59 శాతం మంది సరేనన్నారు. అప్పుడు కూడా సగం మందైనా రాకపోవడంతో ఆ తీర్పును తప్పక అమలు చేయాలన్న చట్టపరమైన బాధ్యత ఏర్పడలేదు. చివరికి పార్లమెంటే చట్టం చేసింది. భారతదేశంలో జాతీయ రెఫరెండానికి ఏర్పాటే లేదు, అందుకు నేను సంతోషిస్తున్నాను. ఆడపిల్ల అని తెలిస్తే గర్భం తీయించేవారి ఇళ్లలోనూ, కులాంతర ప్రేమను పరువు లెక్కన కొలిచే ఊళ్లలోనూ ఈ ప్రశ్నను ఓటుకు పెడితే, ఓటు వేసేది స్త్రీలే అయినా వేయించేది ఎవరో అందరికీ తెలుసు.

లిఫీ ఒడ్డు (డబ్లిన్):

చర్చలో అందరూ వదిలేసిన విషయం ఒకటుంది. 2018లో ప్రజలు 12 వారాల హక్కుకు ఓటు వేయలేదు. రాజ్యాంగంలో నుంచి పాత వాక్యం తీసేసి, గర్భస్రావాన్ని నియంత్రించేందుకు చట్టం చేయవచ్చునన్న ఒక చిన్న వాక్యాన్ని మాత్రమే దాని స్థానంలో పెట్టారు. కాబట్టి న్యాయపాఠి గారు కోరుకున్నదే జరిగింది: రెఫరెండం ఈ విషయాన్ని రెఫరెండంల పరిధి నుంచి తప్పించి పార్లమెంటుకు అప్పగించింది. 12 వారాలు, గర్భస్రావం కోరాక మూడు రోజుల నిరీక్షణ వంటివన్నీ ఆ డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టంలోనివి. ఆ చట్టంలోనూ లోపాలున్నాయి. నిబంధన దాటిన వైద్యులకు ఇప్పటికీ 14 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. 12 వారాల తరువాత, తల్లి ప్రాణానికి ముప్పు లేదా ఆరోగ్యానికి తీవ్ర హాని ఉన్న సందర్భాలు పోగా, శిశువు పుట్టకముందే గానీ పుట్టాక 28 రోజులలోపు గానీ మరణించే అవకాశం ఉందని ఇద్దరు వైద్యులు ధ్రువీకరిస్తేనే అనుమతి. 29వ రోజు దాకా బతకవచ్చేమోనన్న అనుమానం ఉంటే ఆ తల్లి నేటికీ ఇంగ్లండుకే వెళ్లాలి.

సునీతా మేరీ (గుంటూరు):

డాక్టర్ గారు చెప్పిన వైద్యపరమైన విషయాన్ని నేను అంగీకరిస్తాను; సవితకు అడిగినప్పుడే చికిత్స చేయవలసింది. దానికి 12 వారాల నిబంధన అవసరం లేదన్న నా మాట మాత్రం మారదు. లిఫీ ఒడ్డు గారు పార్లమెంటుకు అప్పగించడాన్ని మేలుగా చెబుతున్నారు. అయితే రేపు మరొక ప్రభుత్వం వచ్చి, మామూలు మెజారిటీతో ఆ 12ను 6 చేయవచ్చు, 24 కూడా చేయవచ్చు, జనాన్ని అడగవలసిన పని లేదు. ఆ రోజు రెఫరెండం కావాలని వీధుల్లోకి వచ్చేది మీ పక్షమో మా పక్షమో ఇప్పుడే చెప్పడం కష్టం.