ఎస్టోనియా ఇంటిపేర్లు: దొరలు పెట్టినవా, రైతులు ఎంచుకున్నవా?

పాతచిట్టా: "ఎస్టోనియా ఇంటిపేర్లన్నీ జర్మన్ దొరలు రైతుల నెత్తిన రుద్దినవే" అని నిన్న ఇక్కడ నల్లరేగడి గారు రాశారు. అది సగం మాటే. వెట్టి బానిసత్వం ఉత్తరాన ఎస్ట్‌లాండ్ ప్రావిన్సులో 1816లో, దక్షిణాన లివోనియాలో 1819లో రద్దయింది. పేర్లు ఆ తర్వాత వచ్చాయి. లివోనియాలో ఎక్కువగా 1822-26 మధ్య, ఎస్ట్‌లాండ్‌లో 1835 ప్రాంతంలో. రైతు తనకు నచ్చిన పేరు చెప్పుకోవచ్చు. ప్రభువుల వంశాల పేర్లు మాత్రం పెట్టుకోకూడదు.

నల్లరేగడి: చెప్పుకోవచ్చు సరే, రాసిందెవరు? ఎస్టేటు గుమస్తా, లేదంటే పాస్టరు. రాత జర్మన్‌లో. కలం వాళ్ల చేతిలో ఉంటే ఎంపిక రైతుదెలా అవుతుందండీ?

చిన్నబాబు_కాకినాడ: ఇంటిపేర్లు చూస్తే తమ్, సార్, సెప్, మేగి, కస్క్... ఎక్కడ చూసినా ఇవే. వీళ్లంతా చుట్టాలా?

పాతచిట్టా: కాదు. ఏ ఎస్టేటుకా ఎస్టేటు విడిగా పెట్టింది, అందుకే సంబంధం లేని ఇళ్లకు ఒకటే పేరు పడింది. దీనికి తిరగేసి, అన్నదమ్ములు రెండు ఎస్టేట్లలో ఉంటే రెండు పేర్లు కూడా దొరుకుతాయి. కాబట్టి పేరుతో మొదలుపెట్టకండి, ముందు పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం), ఎస్టేటు తేల్చుకోండి. తర్వాత ఎస్టోనియా జాతీయ ఆర్కైవ్స్ వారి సాగా సైట్‌లో 1834 జనాభా జాబితా తెరవండి. ఎడమ పేజీలో మగవాళ్లు, 1816 నాటి వయసు, 1834 నాటి వయసు ఉంటాయి. కుడి పేజీలో ఆడవాళ్లకు 1834 నాటి వయసు ఒక్కటే. 1816 జాబితాలో ఇంటిపేరు ఉండదు. కమతం పేరు, తండ్రి పేరు, 18 ఏళ్ల తేడా మూడూ కలిస్తేనే అది అదే మనిషి. ఎక్కువమంది పప్పులో కాలేసేది కమతం పేరునే ఇంటిపేరు అనుకుని. కుటుంబం వేరే కమతానికి మారితే ఆ పేరూ మారిపోతుంది.

నల్లరేగడి: నేనడిగింది వెతకడం ఎలా అని కాదు. గుమస్తా సంగతి చెప్పండి.

శారద_ఎం: మేగి అనే పేరు పాత రాతలో గ అక్షరం రెండుసార్లు వేసి ఉంటుంది, అలాగే వెతకాలి. 1890ల నుంచి చర్చి పుస్తకాలు రష్యన్‌లో ఉంటాయి, అదీ గుర్తుంచుకోండి.

పాతచిట్టా: గుమస్తా, గుమస్తా! చెట్టు పేరో పిట్ట పేరో పెట్టుకోవడానికి రైతుకు గుమస్తా సలహా కావాలా? మీ కోపం అసలు 1820ల మీద కాదు, జర్మన్‌లా వినిపించే పేర్ల మీద.

నల్లరేగడి: అవును! ఐన్‌బుండ్ అనే ఎస్టోనియా రాజకీయ నాయకుడు 1935లో పేరు మార్చుకుని ఏన్‌పాలు అయ్యాడు. దాదాపు 2 లక్షల మంది పేర్లు మార్చుకున్నారు. ఆ పేర్లు నిజంగా వాళ్లవే అయితే ఎందుకు వదిలేసుకుంటారు?

పాతచిట్టా: ఆ ఏన్‌పాలు తర్వాత ప్రధానమంత్రి అయినవాడు. పేర్లు మార్చుకోమన్న ప్రచారమూ సర్కారుదే. దొర గుమస్తా రాస్తే బలవంతం, సర్కారు ప్రచారం చేస్తే స్వేచ్ఛా? దానికి తోడు 110 ఏళ్లు నడిచిన పేరు తెగిపోతే వెనక్కి వెళ్లే దారి దొరకడం ఎంత కష్టమో వెతికేవాడికే తెలుసు. పారిష్ కుటుంబ రిజిస్టర్లో చాలాచోట్ల పాత పేరు పక్కనే కొత్తది రాసి ఉంటుంది. అది చూడకుండా 1834కి దూకితే ఖాళీ చేతులతో రావలసిందే.

నల్లరేగడి: దారి దొరకడం కోసం పరాయి పేరు మోయాలా ఏంటి?

చిన్నబాబు_కాకినాడ: ఇంతకీ సెప్‌లు చుట్టాలు కారన్నమాట.