బెనిఫిట్ కచేరీ: పైసా వద్దంటున్న పెద్ద కళాకారులకు డబ్బులు ఎలా ఇవ్వాలి?

ప్రశ్న – పార్శీగుట్ట డ్రాయింగ్ టీచర్, సికింద్రాబాద్

అందరికీ నమస్తే. నేను స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. శని, ఆదివారాలు మా బస్తీలో ఒక రేకుల గదిలో పిల్లలకు బొమ్మలు, పాట, డప్పు నేర్పిస్తున్నాం. ఆరేళ్లయింది. చింతగింజలు నానబెట్టి రుబ్బి, ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి తెలంగాణలోని చేర్యాల ఊరి బొమ్మల పద్ధతిలో మాస్కులు చేయిస్తాం. ఈ వానలకు రేకులు కారి, ఆరబెట్టిన మాస్కులు పద్నాలుగు మెత్తబడి పాడైపోయాయి. ఒక పాప తను చేసిన ముసలవ్వ ముఖాన్ని చేతిలో పట్టుకుంటే ముక్కు ఊడి వచ్చేసింది. ఏడవలేదు, మళ్లీ అతికించొచ్చా టీచర్ అని అడిగింది. ఆ రోజే అనుకున్నా, ఎలాగైనా పైకప్పు మార్చాలని.

మా మేనమామ డప్పు కొడతారు, పాడతారు. ఊరు నల్లగొండ వైపు. ఆయన స్నేహితుడు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగారు, చర్చి కాయిర్‌లో గిటార్ నేర్చుకున్నారు. ఇద్దరూ 1986 నుంచి కలిసి పాడుతున్నారు. పల్లె పాటకు గిటార్ వాయిస్తూ, మధ్యలో డప్పు దరువు మార్చి రాక్ లాగా పైకి లేపుతారు. కాలేజీల్లో, యూనియన్ మీటింగుల్లో, పెళ్లిళ్లలో ఎన్ని వందల చోట్ల పాడారో వాళ్లకే లెక్క లేదు. ఇప్పుడు ఇద్దరూ అరవై అయిదు దాటారు.

గది సంగతి విని వాళ్లే ముందుకొచ్చారు. "మేము పాడతాం, టికెట్ పెట్టు, వచ్చిందంతా పిల్లలకే" అన్నారు. నేను పారితోషికం మాట ఎత్తితే మామయ్య, "నువ్వు కవరు తెస్తే నేను స్టేజీ ఎక్కను" అన్నారు.

నా బాధ అక్కడే. గిటార్ అంకుల్‌కి కంటి ఆపరేషన్ తరవాత ట్యూషన్లు పోయాయి. మామయ్యకు మోకాలి మందులకే నెలనెలా ఖర్చు. పోయినేడు ఒకచోట సేవా కార్యక్రమం అని పిలిచి రెండు గంటలు పాడించుకున్నారు, శాలువా కప్పి ఫోటో తీశారు. ఆటో డబ్బులు కూడా ఇవ్వలేదు. రాత్రి పదకొండింటికి ఇద్దరూ డప్పు, గిటార్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడితే నేను వెళ్లి తీసుకొచ్చాను. అదే పని ఇప్పుడు నేను చేస్తున్నానా అనిపిస్తోంది. డబ్బులు ఇవ్వాలా? ఇస్తే ఎలా ఇవ్వాలి? హాలు, సౌండ్, టికెట్ గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు – సౌండ్ పని చేసే తమ్ముడు

అక్కా, ఇవ్వాల్సిందే. నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. బెనిఫిట్ అంటే హాలు అద్దె కడతారు, జనరేటర్‌కి కడతారు, కుర్చీలకు కడతారు, నాకూ సగమైనా ఇస్తారు. ఎవరి పేరు చూసి జనం టికెట్ కొన్నారో వాళ్లొక్కళ్లే ఉత్త చేతులతో ఇంటికెళ్తారు. ఇది నేను కళ్లారా చూసి చూసి చెబుతున్నా.

ఇక సౌండ్. తోలు డప్పా, ఫైబర్ డప్పా? తోలుదైతే ఏసీ హాలు తీసుకునే ముందు ఒకటి ఆలోచించండి. ఈ చెమ్మకి తోలు వదులైపోతుంది, మంట మీద కాచుకోవాలి. హాలు లోపల ఎవరూ మంట పెట్టనివ్వరు. వెనకాల ఖాళీ జాగా ఉన్న చోటు చూడండి. బంజారాహిల్స్ లామకాన్ లాంటి ఆరుబయట చోటైతే పాటకు చాలా బాగుంటుంది, కానీ వాన వస్తే కష్టం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా అడగండి. వెళ్లినప్పుడు హాలు చూడటంతో సరిపెట్టకుండా వెనక గుమ్మం కూడా చూసి రండి. డప్పులు రెండు పెట్టుకోండి. ఒకటి స్టేజీ మీద మోగుతుంటే ఇంకోటి బయట వేడెక్కుతూ ఉండాలి.

గిటార్ ముందు మైకు పెట్టొద్దు, డప్పు మోతంతా అందులోకే వస్తుంది, వాల్యూమ్ పెంచితే కూత పెడుతుంది. గిటార్‌కి పికప్ (తీగల మోతను కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఉంటే, ఆ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే డీఐ బాక్స్‌తో నేరుగా మిక్సర్‌లోకి తీసుకోండి. మామయ్యగారిని నాలుగడుగులు వెనక్కి, కొంచెం పక్కకి నిలబెట్టండి. నేను వస్తాను, స్పీకర్ల బండి కిరాయి ఇస్తే చాలు.

జవాబు – రిటైర్డ్ ఆడిటర్, నల్లకుంట

అమ్మా, ముందు లెక్క సరిచేసుకోండి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్, బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకేరోజు రెండు కచేరీలు చేశారు. టికెట్ల డబ్బు 2.43 లక్షల డాలర్లు యూనిసెఫ్‌కి వెళ్లింది. ఆ తరవాత రికార్డు మీద వచ్చిన పెద్ద మొత్తం మాత్రం, ముందుగా పన్ను మినహాయింపు కాగితాలు పెట్టుకోనందువల్ల ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. అంతటివాళ్లకే అలా అయింది. అందుకని టికెట్ డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ రానివ్వకండి.

టికెట్ 500 దాటకపోతే జీఎస్టీ ఉండదు. జానపదం పాడినందుకు కళాకారులకు ఇచ్చేది లక్షన్నర లోపైతే దాని మీదా ఉండదు. సినిమా పాటలు పాడితే ఐపీఆర్ఎస్ (పాటల హక్కులు చూసే సంస్థ) లైసెన్స్ అడుగుతారు, సంప్రదాయ పాటలు, సొంత పాటలైతే ఆ గొడవ లేదు. ఆరుబయట పెడితే రాత్రి 10కి లౌడ్‌స్పీకర్ ఆగిపోవాలి, కాబట్టి ఆరున్నరకే మొదలుపెట్టండి. పోలీసు పర్మిషన్ కోసం చివరి వారం దాకా ఆగకండి.

పారితోషికం విషయంలో తమ్ముడి మాటే నా మాట. ఖర్చుల పట్టీలో మొదటి వరస అదే ఉండాలి.

జవాబు – ఒగ్గుకథ కళాకారుడి బిడ్డ

అక్కా, నేను కొంచెం వేరేగా చెబుతా. మా నాయిన ఒగ్గుకథ చెప్పేవాడు. డోలు, తాళాలు, ఒగ్గు, అన్నీ మా ఇంట్లోనే ఉండేవి. చెప్పినందుకు తీసుకోవడంలో ఆయనకు ఎప్పుడూ చిన్నతనం లేదు. కానీ కథ అయిపోయాక ఎవరైనా పక్కకు పిలిచి జేబులో నోటు కుక్కితే మాత్రం ఆ రాత్రి అన్నం తినేవాడు కాదు. నలుగురికీ తెలిసేలా, పదిమంది వినేలా ఇవ్వాలి అనేవాడు.

మీ మామయ్యకు అభ్యంతరం డబ్బు మీద కాకపోవచ్చు. కవరు మీద కావచ్చు. తను పిల్లలకు ఇస్తానన్నదాన్ని మీరు వెనక దారిన తిరిగి ఇస్తున్నట్టు ఉంటుంది కదా. మన దగ్గర చదివింపులు ఉన్నాయి కదక్కా. పాట మధ్యలో ఆపి, ఫలానా వాళ్లు నూట పదహార్లు చదివించారు అని పేరు పెట్టి చెబితే ఏ కళాకారుడూ కాదనడు. అది ఆటలో భాగం. టికెట్ డబ్బు మొత్తం గదికి, చదివింపుల డబ్బు మొత్తం పాడినవాళ్లకు అని ముందే టికెట్ మీద అచ్చు వేయండి. ఇంకొకటి, కచేరీ అయ్యాక వాళ్లిద్దరినీ మీ పిల్లలకు నేర్పడానికి పిలవండి. నెలకింత అని జీతం రాయండి. నేర్పినందుకు తీసుకోవడానికి మామయ్య సిగ్గుపడడు.

అడిగినవారి జవాబు

అందరికీ దండాలు. చెల్లీ, నీ జవాబు మామయ్యకు చదివి వినిపించాను. సగంలో ఆపి, "మీ నాయిన ఏ ఊరు?" అని అడిగారు. తరవాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, చదివింపులైతే సరే అన్నారు, కానీ చెరిసగం కాదట. గిటార్ అంకుల్‌కి రెండు వంతులు, తనకు ఒకటి. అంకుల్ ఫోన్‌లో దానికి ఒప్పుకోలేదు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు, సగం సగానికే వచ్చారు.

నేర్పే సంగతి కూడా ఒప్పుకున్నారు. రెండో శనివారం నుంచి వస్తారు. టికెట్ 300 పెడుతున్నాం, పిల్లలకు ఉచితం. ఆడిటర్‌గారూ, పట్టీ మీ పద్ధతిలోనే రాశాను, ఒకసారి చూసి పెట్టండి.

నిన్న సాయంత్రం గది ముందు రిహార్సల్ చేశారు. మామయ్య ఎండుగడ్డి అంటించి డప్పును మంటకు చూపిస్తూ మెల్లగా తిప్పారు. నడుమ నడుమ సిటికెన పుల్లతో ఒక్క దెబ్బ కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. మొదట మొద్దుగా వచ్చిన మోత నాలుగోసారికి కంచు గంటలా విచ్చుకుంది. అంకుల్ ఆ మోత వింటూ తన తీగలు బిగించుకున్నారు. పిల్లలు చుట్టూ కూర్చుని ఊపిరి బిగబట్టి చూశారు.

చదివింపులు ఎవరు చదవాలి అని అడిగితే మామయ్య, ముసలవ్వ మాస్కు చేసిన పాపను చూపించారు. నూట పదహారు అని గట్టిగా పలకడం రాత్రి నుంచి ప్రాక్టీస్ చేస్తోందట, వాళ్లమ్మ చెప్పింది. తమ్ముడూ, ఆ పాప ఎత్తుకు సరిపోయే మైకు స్టాండ్ ఒకటి తీసుకురా.